ముందు నా కన్ను

సామ్రాజ్యం పోయిందని రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎవరైనా అడిగితే "పోయిందమ్మా" అని చెప్పి, ఆ మాట గాలికి పోయాక మళ్ళీ ఆమె ఉన్నట్టే పని చేసుకోవచ్చు. కాగితం మీద పెడితే అది అక్కడే ఉండిపోతుంది.

ఆ గురువారం తెల్లవారి ఆరు కూడా కాలేదు. పనికి పోవడానికి తలకు గుడ్డ చుట్టుకుంటున్నాను. ఆమె చిన్న కూతురు ఎస్తేరు మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఎనిమిదేళ్ళ పిల్ల. పరుగెత్తి రాలేదు, నడిచే వచ్చింది. "పెద్దమ్మా, అమ్మని లేపుతుంటే లేవట్లా. నువ్వొచ్చి లేపు" అంది. నేను లేపితే లేస్తుందని ఆ పిల్ల నమ్మకం. మా రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. అయినా ఆ నాలుగడుగులూ ఎలా నడిచానో నాకు తెలియదు. ఆయాసం వచ్చినప్పుడు సామ్రాజ్యం ఎలా కూర్చునేదో అలాగే గోడకు ఆనుకుని, దిండు వీపుకు పెట్టుకుని కూర్చుని ఉంది. పెద్దమ్మాయి కీర్తన తల్లి చెయ్యి రెండు చేతుల్లో పట్టుకుని రుద్దుతోంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. అంబులెన్సులో వచ్చినవాళ్ళు చూసి, మా మొహాలు చూడకుండా మాట చెప్పారు. ముప్ఫై నాలుగేళ్ళు సామ్రాజ్యానికి.

నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆపైన చదివినదంతా మన శాఖా గ్రంథాలయం బల్ల మీదే. ఈ ఇరవై ఏళ్ళలో అక్కడ సంస్మరణ వ్యాసాలు ఎన్నో చదివాను. పండితుల మీద, దేశభక్తుల మీద, నటుల మీద, వైద్యుల మీద శిష్యులూ బంధువులూ రాసినవి. "ఆ మహనీయుని నిర్యాణంతో ఒక శకం ముగిసింది" అని చదివినప్పుడల్లా నాకూ గుండె బరువెక్కేది. మిరపకాయల తొడిమలు తీసి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచిన మనిషి మీద మాత్రం ఒక్క వ్యాసమూ నా కంటపడలేదు. అలాంటివాళ్ళు పోవడం లేదనా? అందుకే మన గ్రంథాలయ లిఖిత పత్రిక కోసం, వచ్చిన మాటలతో నేనే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

సామ్రాజ్యాన్ని నేను మొదట చూసింది ఎనిమిదేళ్ళ కిందట, నల్లపాడు అవతల ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో. మేం అరవై మంది ఆడవాళ్ళం గోనెపట్టాల మీద వరసలుగా కూర్చుని, టిక్కీ, అంటే మిరపకాయల గోనెబస్తా, విప్పి పోసిన కాయకు తొడిమలు తీసేవాళ్ళం. తెల్లబడిన తాలు కాయ ఒక పక్కకు, మంచి కాయ ఒక పక్కకు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటాం కాబట్టి అక్కడ మనుషుల్ని కళ్ళతోనే గుర్తుపడతాం. ఆరు నెలల ఎస్తేరును తన తల్లి దగ్గర వదిలి మొదటిరోజు పనికొచ్చిన ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏంటమ్మాయ్, ఘాటుకా, ఏడుస్తున్నావా?" అన్నాను. "రెండూ కలిపేశానక్కా. ఇక్కడైతే ఎవరికీ తెలీదుగా" అంది. ఆ రోజు నుంచీ నా పక్క పట్టా ఆమెది. ఏడాది తిరక్కుండా మా పక్క ఇల్లూ ఆమెదే అయింది.

చేతులు పని చేస్తుంటే నేను చదివిన కథలు చెప్పేదాన్ని. వినేవాళ్ళు పదిమంది ఉన్నా, ప్రశ్నలు వేసేది ఒక్క సామ్రాజ్యమే. "ఆ రాజుకి ఆ సంగతి ముందే తెలిస్తే మరి చెప్పడేం?" అనేది. "ఆమె అంత ఏడ్చింది గదా, పిల్లలకి అన్నం ఎవరు పెట్టారక్కా?" అనేది. ఆ రెండో ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ నాకు జవాబు దొరకలేదు. భర్త ఏసుబాబు మార్టూరులో గ్రానైటు పాలిషింగు పనిలో ఉండి ఆదివారాలు మాత్రం వచ్చేవాడు. మంచివాడే. కానీ వారానికి ఒక్కరోజు తండ్రి. మిగతా ఆరు రోజులూ తల్లీ తండ్రీ ఆమే.

ఆమెను తలుచుకోగానే నాకు ముందు కనబడేది పని నుంచి వచ్చి గుమ్మం బయట ఆగిపోయే ఆ నిలబడటం. పిల్లలు ఎదురొస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేది. మరీ మీదపడితే మోచేత్తో తల నిమిరేది. మా పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు, కాయ ఘాటు సబ్బుకు లొంగదు. చర్మంలోకి దిగి కూర్చుంటుంది. పసిపిల్లల కన్ను తుడిచినా, ముక్కు చీదినా కేరుమంటారు. సామ్రాజ్యం బయట బండమీదే కూర్చుని ముందు కొబ్బరినూనె పట్టించేది, తర్వాత శనగపిండి రుద్దేది, ఆఖరుకు పుల్లమజ్జిగలో చేతులు నానబెట్టేది. అంతటితో అయ్యేది కాదు. ఉంగరపు వేలు తన ఎడమ కంటి రెప్పకు ఆనించి, పది అంకెలు లెక్కపెట్టేది. మండితే మళ్ళీ నూనె దగ్గర నుంచి మొదలు. మండకపోతే "ఆఁ, రండి" అనేది. ఆ మాట కోసమే గుమ్మంలో కాచుకుని ఉన్న ఇద్దరూ ఒక్కసారిగా ఆమె మీద పడేవాళ్ళు.

"ఇంత తంతు ఎందుకే, వేలు నాలిక్కి రాసుకుంటే తెలీదా?" అని ఒకసారి అన్నాను.

"నాలిక అబద్ధం చెప్పుద్దక్కా. గొడ్డుకారం తినీతినీ మొద్దుబారిపోయింది. కన్ను చెప్పదు. ముందు నా కన్ను, ఆ తర్వాతే నా పిల్లల కన్ను."

నేను చదివిన పుస్తకాల్లో మాతృత్వం మీద పేజీలకు పేజీలున్నాయి. ఈ ఒక్క మాట ముందు అవన్నీ నాకు చప్పగా అనిపిస్తాయి.

కీర్తన నాలుగో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వచ్చి బ్యాగు మూలకు విసిరింది. బెంచీలో పక్కన కూర్చునే సహస్ర అనే పిల్ల తుమ్ముతోందట. అందరూ కీర్తన వైపు తిరిగి "మిర్చి బజ్జీ వచ్చింది" అన్నారట. అదే వారంలో ఆ సహస్ర పుట్టినరోజుకు బెంచీ మొత్తాన్నీ పిలిచారు, ఈ పిల్లను తప్ప. మర్నాడు షెడ్డులో సామ్రాజ్యం నా చెవి దగ్గరకు వంగి అడిగింది: "అక్కా, మీ గ్రంథాలయంలో పుస్తకాలకి పురుగు పట్టకుండా కలరా ఉండలు వేస్తారు గదా. ఆ బీరువాలో మా పిల్లల యూనిఫారాలు పెట్టుకోనిస్తారేమో కనుక్కోవా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. చివరకు తనే ఒక రేకుపెట్టె సంపాదించి, కలరా ఉండలు వేసి, అందులో యూనిఫారాలు దాచింది. వారం తిరక్కుండానే కీర్తన వచ్చి, "అమ్మా, ఇప్పుడు నన్ను ముసలమ్మ పెట్టె అంటన్నారు" అంది. అప్పుడు మాత్రం తల్లీకూతుళ్ళిద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక సామ్రాజ్యం కొంగుతో కళ్ళు తుడుచుకుని నాతో అంది: "వాసన సంగతి వదిలేద్దామక్కా. అది సబ్బుతో పోయేది కాదు, పెట్టెలో దాగేది కాదు. నా పిల్లలకి నోరు నేర్పుదాం. పదిమందిలో తల దించకుండా నిలబడి నాలుగు మాటలు చెప్పగలిగితే, వాసన ఎవడు చూస్తాడు?"

ఇక అదే ఆమె పట్టుదల. ఆదివారం గుడిలో బైబిలు వాక్యాలు అప్పగించే పోటీకి ఇద్దరినీ పంపింది. బడిలో వక్తృత్వానికి పేరిచ్చింది. ఖోఖోకి పంపింది, మోకాళ్ళు చీరుకుపోతే పసుపు అద్ది మళ్ళీ పంపింది. షెడ్డులో ఆడవాళ్ళు "ఆ తిప్పలేందే, కలెక్టర్లను చేస్తావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "కలెక్టరెందుకు? రేపు నీ కూతురి సంబంధం చెడితే, గట్టిగా అడగడానికి ఒక మనిషి కావద్దా?" అనేది.

నిరుడు వేసవిలో మన గ్రంథాలయంలో మాస్టారు పిల్లలకు బుర్రకథ నేర్పుతానని బోర్డు పెట్టించారు. ఆయన తెలుగు పండితులుగా చేసి విశ్రాంతి తీసుకున్నవారు, పెద్దవారు. ఆ బోర్డు చదివింది నేను, వెంటపడింది సామ్రాజ్యం. బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో తంబురాతో కథ చెప్పేవాళ్ళు ఒకరు, అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ వంత పాడేవాళ్ళు ఇద్దరు. కీర్తన గొంతు వినగానే మాస్టారు తంబురా ఆ పిల్ల భుజానికి తగిలించారు. ఎస్తేరు నోటికి భయం లేదు కనుక నవ్వించే వంత దానిది. మూడో మనిషి దొరకలేదు. కిటికీ దగ్గర నిలబడి రోజూ వింటున్న పిల్ల మాత్రం ఒకతె ఉంది. ఎవరో కాదు, ఆ సహస్రే. వాళ్ళమ్మ సునీత గారికి మన వీధి చివర ఫ్యాన్సీ షాపు ఉంది. సెలవుల్లో పిల్లను గ్రంథాలయంలో దింపి వెళ్ళేది. బొమ్మల పుస్తకాలకు ఒప్పుకుంది గానీ, బుర్రకథకు, అందులోనూ "వాళ్ళతో", ససేమిరా అన్నదట.

ఆదివారం ఆరాధన అయ్యాక, తెల్లచీరలోనే, నన్ను తోడు తీసుకుని సామ్రాజ్యం ఆ షాపుకు వెళ్ళింది.

"చెప్పమ్మా, ఏం కావాలి? రిబ్బన్లా?" అంది సునీత గారు.

"మీ అమ్మాయి కావాలండి" అంది సామ్రాజ్యం. "శనివారాలు సాయంత్రం రెండు గంటలసేపండి. మావాళ్ళిద్దరు, మీ అమ్మాయి. ముగ్గురైతేగానీ కథ నిలబడదంట."

"మా పాపకి డస్ట్ ఎలర్జీ అమ్మా. మీ పనికీ దానికీ పడదు."

"నాక్కూడా ఎలర్జీనేనండి. ఏం చేస్తాం, పనే అదైపోయింది. గ్రంథాలయానికి కాయలు పట్టుకురానులెండి."

సునీత గారికి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. కౌంటరు వెనక నుంచి సహస్ర తల్లి చీర పట్టుకుని లాగుతోంది. "సరే, ఒక నెల చూద్దాం" అంది ఆవిడ. బయటకొచ్చాక, "అంత ధైర్యం ఎక్కడిదే నీకు?" అన్నాను. "ధైర్యమా? కాళ్ళు ఒకటే వణుకుతన్నయ్. చీర ఉంది గనక కనపళ్ళా" అంది.

మాస్టారు సొంతంగా రాసిన కథ అది. పొంగుతున్న వాగు దాటించి కూతుర్ని బడికి చేర్చే ఒక తల్లి కథ. ఐదు నెలలు నేర్చుకున్నారు. శనివారం శనివారం సహస్రా కీర్తనా ఒకే సైకిలు మీద వచ్చేవాళ్ళు. తుమ్ముల ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇక చెప్పడానికి నాకు ఇష్టం లేని రోజు వచ్చింది. నిరుడు గ్రంథాలయ వారోత్సవాల్లో వాళ్ళ మొదటి ప్రదర్శన. సాయంత్రం ఐదింటికి. ఆ రోజే షెడ్డులో లోడు పోవాలన్నారు. పని తెమిలేదాకా ఎవరూ కదలొద్దన్నారు. సామ్రాజ్యం ఐదుకు పావుగంట ముందు ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. ముగ్గురు పిల్లలూ పౌడరు రాసుకుని, కాటుక కోసం కూర్చుని ఉన్నారు. కాటుక పెట్టేది ఆమే, అలా అని మాట ఇచ్చింది. గ్రంథాలయం కుళాయి దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంది. నూనె లేదు, పిండి లేదు, మజ్జిగ లేదు. పది అంకెలు లెక్కపెట్టే వ్యవధి కూడా లేదనుకుంది. జీవితంలో ఆ ఒక్కసారి తన కన్ను ముట్టుకోకుండా పిల్లల కళ్ళు ముట్టుకుంది.

కథ వాగు దగ్గరకు వచ్చేసరికి కాటుక కరిగి కళ్ళలోకి దిగింది. కీర్తన చెంపల మీద నల్లటి ధారలు. ఎస్తేరు బావురుమని ఏడుస్తూనే డక్కీ వాయిస్తోంది. జనం అది అభినయం అనుకుని చప్పట్లు కొట్టారు. సహస్ర మాత్రం డక్కీ పడేసి, "అమ్మా, మంట!" అని అరుచుకుంటూ వేదిక దిగి పరుగెత్తింది. అప్పటికి అందరికీ అర్థమైంది. సునీత గారు సీసాలో నీళ్ళు పిల్ల కళ్ళలో కొడుతూ, అందరి ఎదుటా అడిగేసింది: "చేతులు కడుక్కునే అలవాటు లేదా మీకు? పిల్ల కళ్ళు పోతే ఎవరు తెస్తారమ్మా?"

రోజుకు మూడు రకాలుగా చేతులు కడుక్కునే మనిషి ఆ మాట విని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. కీర్తన ఒక్కతే, కళ్ళు మూసుకుని, కథ చివరిదాకా చెప్పి దిగింది.

ఇంటికొచ్చాక సామ్రాజ్యం కూతురి కళ్ళ మీద పాలలో తడిపిన గుడ్డ వేస్తూ, "ఎందుకు ఆపలేదే పిచ్చిదానా?" అని అడిగింది. "నువ్వు చూస్తన్నావుగా" అంది కీర్తన. సామ్రాజ్యం ఇక ఆ గదిలో ఉండలేకపోయింది. బయటకొచ్చి బండమీద కూర్చుని, "రోజూ చేసేదాన్నక్కా. రోజూ చేసేదాన్ని" అని అదే మాట అంటూ పోయింది.

పిల్లల కళ్ళు రెండు రోజుల్లో తేటపడ్డాయి. స్నేహం మాత్రం తేటపడలేదు. సహస్ర బెంచీ మార్చారు, శనివారాలు మాన్పించారు. తర్వాతి ఆదివారం సామ్రాజ్యం మళ్ళీ ఆ షాపు ముందుకు వెళ్ళి నిలబడింది. ఈసారి నన్ను రావద్దంది, నేను వీధి మలుపులో ఆగాను. అద్దంలోంచి సునీత గారు చూసింది. చూసి, అటు తిరిగి అల్మరాలో ఏవో సర్దుకుంది. కాసేపు నిలబడి సామ్రాజ్యం వచ్చేసింది. నాకు కోపం వచ్చింది. ఆమెకు రాలేదు. "తప్పు నాదక్కా. తలుపు ఆమెది. తీసినప్పుడు తీస్తది" అంది.

మరి మూడో మనిషి? కొన్నాళ్ళు వెతికారు. తర్వాత ఒకరోజు వాళ్ళింట్లోంచి ఒక పెద్ద గొంతు, రెండు చిన్న గొంతులు వినబడ్డాయి. వెళ్ళి చూద్దును గదా, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే, సామ్రాజ్యం గిన్నె బోర్లించి డక్కీలా కొడుతూ "తందాన తాన" అంటోంది. నన్ను చూసి సిగ్గుపడింది. ఆ సిగ్గు వారంలో పోయింది. షెడ్డులో నిండు టిక్కీ మీద కూడా దరువు వేయడం మొదలుపెట్టింది. "ఏందే సామ్రాజ్యం, ముసల్దానివై కథలకి పోతావా?" అని ఎవరో అంటే, "ముసల్దాన్ని కాదే, మూడోదాన్ని" అంది. షెడ్డంతా నవ్వింది. మాస్టారు కూడా ఒప్పుకున్నారు. ఈసారి వారోత్సవాల్లో కూతుళ్ళ పక్కన తల్లి నిలబడుతుందని ఆయనే పేరు రాసుకున్నారు. ఆమె కోసం ఎర్ర అంచు ఉన్న జుబ్బా ఒకటి కుట్టించాం. మంగళగిరి నేత గుడ్డ అది, వాళ్ళ పెళ్ళినాటి చీర మిగులు.

ఆయాసం ఆమెకు నాలుగేళ్ళుగా ఉంది. షెడ్డులో సగంమందికి ఉన్నదే. చలి మొదలయ్యాక ఈసారి ఎక్కువైంది. వంత అందుకునేటప్పుడు గుక్క తిరిగేది కాదు. "వద్దులేవే, వాళ్ళిద్దరూ చాలు" అని ఒకసారి అన్నాను. ఒక్కసారే అన్నాను. గట్టిగా అనలేదు, అదే ఇప్పటికీ నన్ను తొలిచేది. ఆమె మందు గట్టిగా పీల్చి, కాస్త తెరిపిన పడ్డాక ఇలా అంది: "వంతకి పెద్ద పనేముందక్కా? వాళ్ళు అన్నమాట మళ్ళీ అనడమే. వాళ్ళు ముందుకు పోతుంటే పక్కన 'అవునమ్మా' అనే మనిషి ఒకరుండాలి. అమ్మ పని అదేగా."

ప్రదర్శన శనివారం. ఆమె అంతకు తొమ్మిది రోజుల ముందు గురువారం పోయింది.

ఏసుబాబు మార్టూరు నుంచి వచ్చేసరికి అతని జుట్టు నిండా తెల్లటి రాతిపొడి. కడుక్కోవాలని కూడా తోచలేదు. అలాగే మట్టి వేశాడు. అద్దంకి నుంచి అతని తల్లి వచ్చింది. మూడోరోజు ప్రార్థన కూడిక అయ్యాక ఆవిడ మాట ఎత్తింది: "ఆడపిల్లలు. ఇక్కడ ఎవరు చూస్తారురా? నాతో తీసుకుపోతా. ఈ కథలూ గిథలూ ఇక చాలు." ఆవిడ చెప్పిందాంట్లో దుర్మార్గం లేదు, ప్రేమే ఉంది. ఏసుబాబు తల వంచుకుని కూర్చున్నాడు. మూడు రోజులుగా కీర్తన నోట ఒక్క మాట లేదు. అంత నోరు నేర్పిన తల్లి పోగానే ఆ నోరు మూతపడిందా అని నేను లోలోపల కుమిలిపోతున్నాను. అప్పుడు ఆ పిల్ల అంది: "నానా, వచ్చే శనివారం కథ ఉంది."

"తల్లి పోయి పదిరోజులన్నా కాకుండా గజ్జెలు కడతావటే?" అంది నాయనమ్మ.

"అమ్మే కట్టుకోమంది" అని ఎస్తేరు అందుకుంది. అది వంత పాడే తీరు. అక్క మాట కింద పడకముందే అందుకోవడం.

ఏసుబాబు మొహం రెండు చేతుల్లో దాచుకుని, "శనివారం దాకా ఉండవే అమ్మా" అన్నాడు తల్లితో. శనివారం తర్వాత ఏమిటన్నది ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న మాత్రం ఇంట్లో కూర్చునే ఉంది.

మూడో మనిషి లేని కథ ఎలా చెప్తారని మాస్టారు కూడా బాధపడ్డారు. శుక్రవారం సాయంత్రం నేను పని నుంచి వచ్చి బండమీద చేతులు కడుక్కుంటుంటే, సునీత గారు సహస్రను వెంటబెట్టుకుని వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "మా పాప ఏడాదిగా ఇంట్లో ఆ వంత పాడుతూనే ఉందండీ. నేనే విననట్టు ఉన్నాను" అంది. మళ్ళీ తనే, "ఆ రోజు ఆవిడ షాపు ముందు నిలబడితే చూసి కూడా అటు తిరిగాను. ఒక్క మాట అని ఉండాల్సింది" అంది. ఎస్తేరు లోపల్నుంచి డక్కీ తెచ్చి సహస్ర చేతిలో పెట్టి, "పట్టు. తోలు సడలింది, వేడి చెయ్యాలి" అంది. అంతటితో అయిపోయింది.

శనివారం గ్రంథాలయం వెనక గదిలో ముగ్గురినీ ముస్తాబు చేశాం. ఎర్ర అంచు జుబ్బాను కత్తిరించవద్దన్నాను. చేతులు మడిచి, పిన్నీసులు పెట్టి సహస్రకు తొడిగాం. సామ్రాజ్యం కాటుక డబ్బీ నా దగ్గరే ఉంది. నేను అప్పటికి నాలుగు రోజులుగా మళ్ళీ కాయలో చేతులు పెట్టినదాన్ని. అందుకని డబ్బీ సునీత గారికి ఇవ్వబోయాను. ఆవిడ వెనక్కి తోసి, "మీరే పెట్టండి" అంది.

ఇంటి దగ్గరే నూనె, పిండి, మజ్జిగ అన్నీ అయ్యాయి. వేలికి కాటుక తీసుకోబోతుంటే ఎస్తేరు నా మణికట్టు పట్టుకుంది.

"పెద్దమ్మా, ముందు నీ కన్ను."

ఉంగరపు వేలు నా ఎడమ కంటి రెప్పకు ఆనించాను. ఎస్తేరు లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు. మూడు దగ్గర కీర్తన కలిసింది. ఐదు దగ్గర సహస్ర కలిసింది. ఎనిమిది, తొమ్మిది, పది.

"మండిందా?"

"లేదు."

ముగ్గురూ కళ్ళు మూసుకుని మొహాలు పైకెత్తారు.

ఆ రోజు కథ ఎలా సాగిందో మీలో చాలామంది చూశారు, నేను రాయనక్కర్లేదు. ఒక్కటి చెబుతాను. వాగు దగ్గరకు వచ్చినప్పుడు కీర్తన కంట నీటిచుక్క లేదు. నిరుడు కళ్ళు మూసుకుని చెప్పిన చోట ఈసారి కళ్ళు తెరిచి, జనం వైపు చూస్తూ చెప్పింది. చివరి వరసలో నిలబడ్డ తండ్రే ఏడ్చాడు. నాయనమ్మ ఏడవలేదు, నోరు తెరుచుకుని విన్నది. ఇంటికి వచ్చాక సంచీ సర్దుకుంటుందనుకున్నాం. సర్దిన సంచీ విప్పి, చీరలు తీసి దండెం మీద వేసింది. "అద్దంకిలో ఈళ్ళకి తంబురా ఎవడు నేర్పుతాడు? నేనే ఇక్కడుంటాలే" అంది. సామ్రాజ్యం ఉంటే ఆ మాటకు ఏమనేదో! ఏదో ఒకటి అని ఆవిడను నవ్వించేది. ఆ మాట ఏమై ఉండేదని ఎంత ఆలోచించినా నాకు తట్టడం లేదు.

షెడ్డులో నా పక్క పట్టా ఖాళీగానే ఉంది. వచ్చి కూర్చోబోయినవాళ్ళు కూడా నా మొహం చూసి అవతలకు జరుగుతున్నారు. ఆమె పోయిన ముందురోజు నేనొక నవల సగం చెప్పి ఆపాను. "మిగతాది రేపు చెప్పక్కా. ఆ పిల్లలకి అన్నం ఎవరు పెట్టారో మాత్రం చదివిరా" అంది. చదివాను. ఈసారి ఆ పుస్తకంలో జవాబు ఉంది. చెప్పడానికి మనిషి లేదు. గడువు దాటినా ఆ పుస్తకం తిరిగి ఇవ్వలేకపోతున్నాను, గ్రంథపాలకులు క్షమించాలి.

సాయంత్రాలు ఎస్తేరుకు జడ వేసేది నేనే. నాయనమ్మ చేతులు వణుకుతాయి. పని నుంచి రాగానే వాళ్ళ గుమ్మం బయట బండమీద కూర్చుంటాను. నూనె, పిండి, మజ్జిగ. లోపల పిల్లలిద్దరూ గుమ్మానికి ఆనుకుని నిలబడతారు. వేలు రెప్పకు ఆనిస్తాను. లెక్క వాళ్ళే పెడతారు. పది అయ్యాక "ఆఁ, రండి" అనాలి. అంటాను. పిల్లలు వస్తారు, నెమ్మదిగా నడిచి వస్తారు. ఒక్కసారిగా మీద పడేట్టు పిలిచే ఆ గొంతు సామ్రాజ్యంది. అది నాకు రాదు.